జానెడు కత్తి, రెండు జిల్లాల దారి

సోమవారం పొద్దున ఆరున్నర. కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల సగం దుకాణాల షట్టర్లు ఇంకా లేవలేదు. టీ కొట్టు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. మీ ప్యాంటు కుడి జేబులో ఓ మడత చాకు ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది, మూడంగుళాల బ్లేడు. పండు కోసుకోవడానికీ పార్శిల్ తాడు తెంపడానికీ పనికొస్తుంది. నిజం చెప్పాలంటే ఊరికే తెరిచి మూసుకుంటూ కూచోవడానికే ఎక్కువ వాడుతున్నారు. ఇవాళ బండి మీద ఇంద్రవెల్లి అంగడి చూసుకుని ఆదిలాబాద్ దాకా పోవాలి. చాకు జేబులో ఉండొచ్చా, ఇంట్లో పెట్టి రావాల్సిందా అన్నది ఇంకా తేలలేదు.

ఇనుప సామాన్ల దుకాణం ఒకటి అప్పుడే తెరిచారు. గుమ్మం పక్కన కొడవళ్ళు కట్టలు కట్టలుగా వేలాడుతున్నాయి. కింద గొడ్డళ్ళు కామల్లేకుండా కుప్పబోసి ఉన్నాయి. లోపల కత్తిపీటలు, గడ్డపారలు, యాటకూర కొట్టే వెడల్పాటి కత్తులు. దుకాణదారు అగర్‌బత్తి వెలిగించి గల్లాపెట్టెకు మొక్కి మీ వైపు తిరిగాడు. చాకు తీసి చూపించారు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బటన్ నొక్కితే లేశేది గాదు గదా?"

"కాదు కాకా."

"మరి బుగులెందుకు?" అని కుడిచెయ్యి చాపి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా గల్లాపెట్టె మీద పరిచి చూపించాడు. "గీ జాన దాటితేనే లెక్క. నీది బెత్తెడు గూడ లేదు."

ఆయన ఏ చట్టమూ చదివి చెప్పలేదు. కానీ చెప్పింది దాదాపు చట్టంలో ఉన్నదే. 2016 ఆయుధాల నిబంధనల మొదటి షెడ్యూల్లో ఐదో వర్గం కింద ఖడ్గాలు, బాకులు, బల్లేలు, యుద్ధపు గొడ్డళ్ళు, కిర్పాన్లు, ఖుక్రీలతో పాటు కత్తులనూ చేర్చారు. బ్లేడు తొమ్మిది అంగుళాల కన్నా పొడవుండాలి, లేదా రెండంగుళాల కన్నా వెడల్పుండాలి. తొమ్మిది అంగుళాలంటే మన లెక్కలో సరిగ్గా జాన.

అయితే దుకాణదారు వీపు వెనక ఉన్న మాంసం కత్తి చూడండి. వెడల్పు మూడంగుళాలకు తగ్గదు. అది ఆయుధం కాదా? కాదు. ఆ నిబంధనలోనే ఇంటి పనికీ, సాగు పనికీ, శాస్త్ర పరిశోధనకూ, పరిశ్రమకూ చేసినవి వేరని మినహాయింపు ఉంది. అసలు 1959 ఆయుధాల చట్టమే తన నిర్వచనంలో అచ్చంగా ఇంటి, వ్యవసాయ అవసరాలకు చేసిన వస్తువుల్ని పక్కన పెట్టింది. లాఠీనీ మామూలు చేతికర్రనూ పేరు పెట్టి మరీ వదిలేసింది. అంటే కొలత ఒక్కటే చాలదు, దేనికోసం చేశారన్నదీ చూడాలి.

ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఐదో వర్గం ఆయుధాలు తయారుచేసేవాడికీ అమ్మేవాడికీ లైసెన్స్ కావాలి. ఊరికే దగ్గర ఉంచుకున్నందుకు కూడా లైసెన్స్ అడగాలంటే, నాలుగో సెక్షన్ కింద ఫలానా ప్రాంతంలో ఫలానా రకం అని గెజెట్‌లో నోటిఫై చేసి ఉండాలి. ఢిల్లీలో 1980లో అట్లాంటి నోటిఫికేషనే వచ్చింది. బటన్ నొక్కితే తెరుచుకునే చాకు బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, దాని కిందికి వస్తుంది. దుకాణదారు మొదట బటన్ సంగతి అడగడం వెనక కథ అదే. ఢిల్లీ సంగతులు ఇక్కడి దుకాణాల దాకా ఎట్లా వచ్చాయో గానీ, బటన్ చాకంటే ఇక్కడా అందరికీ అనుమానమే. ఆ ఢిల్లీ నోటిఫికేషన్ కూడా అమ్మకానికీ తయారీకీ పరీక్షకూ సంబంధించినదే తప్ప జేబులో పెట్టుకున్న ప్రతివాడి మీదా కేసు పెట్టడానికి కాదంటూ 2025లో సుప్రీంకోర్టు ఒకతని మీది కేసును కొట్టేసింది.

"తల్వార్లు అమ్ముతారా కాకా?"

ఆయన మొహం చిట్లించాడు. "బర్త్‌డే పోరగాండ్లు అస్తరు, కేక్ కోసుడుకట. లేవు పోండ్రి అంట. ఫొటో వాట్సప్ల పెట్టుకుంటరు, పోలీసోళ్ళు ముందుగాల నన్నే అడుగుతరు."

ఆయన భయంలో న్యాయం ఉంది. తల్వార్‌తో కేక్ కోసి, ఆ వీడియో తామే ఊరంతా పంచి, తెల్లారి స్టేషన్లో తల దించుకుని నిలబడ్డ కుర్రాళ్ళ వార్తలు రాష్ట్రంలో కొత్త కాదు.

బండి స్టార్ట్ చేశారు. చొప్పదండి వైపు ఊరు దాటే చోట బారికేడ్లు జిగ్‌జాగ్‌గా పెట్టి వాహనాలు ఆపుతున్నారు. ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్. తర్వాత బ్యాగు. చివరికి ఎస్సై గారి అరచేతిలో మీ చాకు.

"ఏంది గిది?"

"పండ్లు కోసుకోనీకి సార్."

"ఏం పని జేస్తవ్?"

గమనించారా, చాకు పొడవెంతని ఆయన అడగలేదు. మీ పని ఏమిటి, ఎక్కడికి పోతున్నారు, బ్యాగులో ఇంకేముంది అన్నవే అడిగాడు. రెండు జామకాయలు బయటపడ్డాయి. ఐడీ కార్డు చూశాడు. "పో, కానీ జేబుల వద్దు. బ్యాగు అడుక్కు పెట్టుకో." ఆ జామకాయలూ కార్డూ లేకపోయినా, రాత్రి పదకొండయినా, మీ వెనక ఇంకో ముగ్గురు కూచుని ఉన్నా సంభాషణ ఇంకోలా సాగేది. మూడంగుళాల చాకు అప్పుడూ మూడంగుళాలే.

కరీంనగర్‌లో ఇప్పుడున్నది కమిషనరేట్. 2016 అక్టోబర్లో జిల్లాల విభజనతో పాటే వచ్చింది. దాంతో నిజాం కాలం నాటి 1348 ఫస్లీ సిటీ పోలీస్ చట్టం ఇక్కడి రోడ్ల మీదికీ వచ్చింది. మన లెక్కన అది 1939 ప్రాంతం. పండగలప్పుడు, ఎన్నికలప్పుడు, ఊర్లో ఉద్రిక్తత ఉన్నప్పుడు కమిషనరే ఒక ఉత్తర్వు ఇస్తారు. జనం మీద వాడే ఉద్దేశంతో కత్తులు, కర్రలు, లాఠీలు పట్టుకు తిరగొద్దంటారు. అది అమల్లో ఉన్న రోజుల్లో ఆయుధాల చట్టం వదిలేసిన చేతికర్ర కూడా ప్రశ్నార్థకమే. ఉత్తర్వు పేపర్లో జిల్లా పేజీ మూలన సింగిల్ కాలం వార్తగా వస్తుంది. చదివేవాళ్ళెందరో మీకు తెలుసు. పోలింగ్ రోజు కేంద్రం చుట్టుపక్కల మాత్రం ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. ఆయుధంతో పోతే ప్రజాప్రాతినిధ్య చట్టమే రెండేళ్ళ దాకా జైలు అంటుంది.

చొప్పదండి దాటాక రోడ్డు పక్కన తాటివనం. చెట్టు కింద సైకిలు, హ్యాండిల్‌కు రెండు లొట్లు. గౌడన్న అప్పుడే దిగి మోకు విప్పుతున్నాడు. నడుముకు ముస్తాదు, అందులో కత్తులు. ఒకటి కాదు, పనికొకటి. చెట్టు మొదట్లో కూచుని ఒక చెక్క ముక్క ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని మీద తెల్లటి రాతి పొడి చిటికెడు చల్లి, కత్తిని పడుకోబెట్టి ముందుకూ వెనక్కూ లాగుతున్నాడు. చప్పుడు మెత్తగా, ఒకే తీరుగా వస్తోంది. నాలుగు లాగుళ్ళకోసారి ఆపి, ముంజేతి వెంట్రుకల మీద ఆనించి చూస్తాడు. వెంట్రుక రాలిందంటే పదును కుదిరినట్టు. గెల చివర పొరకన్నా పల్చగా చెక్కాలి మరి. మందంగా తెగితే కల్లు ఆగిపోతుంది, లోతుగా తెగితే గెలే పోతుంది. మీ జేబు చాకు ఈ కత్తి పదునుకు సాటి రాదు.

"గీ కత్తులు పట్టుకుని తిరిగితే ఎవ్వలన్న ఆపుతరా అన్నా?"

నవ్వాడు. "మోకు భుజాన ఉంటే ఎవ్వడు ఆపడు. మొన్నొకసారి మోకు చెట్టు కాడ్నే ఇడిసి, నూరిపిద్దామని కత్తులొక్కటే పట్టుకొని కరీంనగర్ పోయిన. బస్టాండుల అడిగిండ్రు. గౌండ్లోళ్ళమని చెప్తె ఇడిసిండ్రు."

సాగు పనిముట్టుకు చట్టం ఇచ్చిన మినహాయింపు కాగితం మీద బాగానే ఉంది. కానీ రోడ్డు మీద దాన్ని నిరూపించుకోవాల్సింది పనిముట్టు మోసేవాడే. మోకు వాడి లైసెన్సు. గొర్లకాపరికి భుజాన గొంగడి, ముందు మంద. చెప్పులు కుట్టేవాడికి ఆరె, తోలు ముక్కలు. ఆ గుర్తులు పక్కన లేని క్షణంలో చేతిలో మిగిలేది వట్టి కత్తి. బ్లేడు కొలతల మీద గంటలు వాదించుకునే మనబోటి వాళ్ళకు ఈ చిక్కు తట్టదు.

ధర్మారం, వెల్గటూర్ దాటి రాయపట్నం వంతెన ఎక్కితే గోదావరి. అవతల మంచిర్యాల జిల్లా, పాత లెక్కన ఆదిలాబాద్. ఇక్కడి నుంచి పడమరగా, నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం ఉంది. ఆ ఊరి కొలుముల్లో తయారైన ఉక్కు ముద్దల గురించి హెన్రీ వోయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. పర్షియా వర్తకులు ఇంత దూరం వచ్చి కత్తుల కోసం ఆ ఉక్కు కొనుక్కుపోయేవాళ్ళు. లోకానికి ఖడ్గాల ఉక్కు పంపిన నేల మీద ఇప్పుడు మూడంగుళాల చాకు పెట్టుకుని మీరు దిక్కులు చూస్తున్నారు. సరే, అది వేరే కథ.

లక్సెట్టిపేట, దండేపల్లి. టేకు చెట్లు రోడ్డుకు దగ్గరవుతున్నాయి, గాలి చల్లబడింది. జన్నారం దగ్గర్లో అటవీ శాఖ చెక్‌పోస్ట్. గేటు పక్క గదిలోంచి ఖాకీ చొక్కా ఆయన వచ్చి డిక్కీ తెరవమన్నాడు. ఆయన వెతికేది టేకు ముక్క, అడవి మాంసం, ఉచ్చుల తీగె. చాకు కనబడగానే తల ఎగరేశాడు.

"రోడ్డు మీద పోతె పోండ్రి. లోపట దిగుడు మాత్రం వద్దు."

ఈ మాట కాస్త ఆగి వినాల్సింది. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కోర్ ప్రాంతమే 890 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ నడిచేది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఆ చట్టంలో ఆయుధమంటే తుపాకీ, పేలుడు మందు, విల్లమ్ములు మాత్రమే కాదు. కత్తులు, గాలాలు, వలలు, ఉచ్చులు, విషం కూడా. జాన అని లేదు, బెత్తెడు అని లేదు, ఇంటి పని మినహాయింపూ లేదు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ అధికారమున్న అధికారి గానీ ముందే రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలో అడుగు పెట్టకూడదని 31వ సెక్షన్ అంటుంది. ఉల్లంఘిస్తే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా ఇదివరకు 25 వేలుండేది, 2022 సవరణతో పెరిగింది.

పొద్దున కరీంనగర్లో దుకాణదారు బెత్తెడు కూడా లేదని నవ్విన అదే చాకు ఈ గేటు దగ్గర విల్లమ్ములతో ఒకే వరసలో కూచుంది. పబ్లిక్ రోడ్డు మీద దాటిపోయేవాళ్ళకు అభయారణ్యంలోకి రావడానికి 27వ సెక్షన్ దారి ఇచ్చింది. కానీ ఆ దారి మనిషికే, చాకుకు చట్టంలో వేరే దారి రాసి లేదు. చెక్‌పోస్ట్ ఆయన ఉదారంగా వదిలేశాడు, అంతే. సఫారీకి వచ్చినవాళ్ళు మాత్రం జేబు ఖాళీ చేసి గదిలోనే పెట్టి రావాలి. జీపులో కూచుని జామకాయ కోసుకునే ఆలోచన మానుకోండి, పులికి కాదు గానీ మీకు ఇబ్బంది.

గేటు దాటి రెండు మలుపులు తిరిగాక ఒక ముసలాయన ఎదురొచ్చాడు. తెల్ల ధోతి, తలపాగా, భుజం మీద గొడ్డలి. రోడ్డు అంచున తన వాకిట్లో నడిచినట్టు నడుస్తున్నాడు. "రాం రాం" అన్నారు మీరు. "రాం రాం" అన్నాడాయన, నడక ఆపకుండానే. ఈ గొడ్డలి సంగతేమిటి? రిజర్వు అడవిలో చెట్టు కొట్టాడని కేసు పెడితే 1967 అటవీ చట్టం కింద కలపతో పాటు పనిముట్లనూ జప్తు చేస్తారు. మరోపక్క 2006 అటవీ హక్కుల చట్టం ఆయనకు చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది, వెదురుతో సహా. వేట హక్కు మాత్రం ఇవ్వలేదు. వెదురు కొట్టుకునే హక్కు ఇచ్చిన చట్టం ఉత్త చేతుల్తో విరుచుకోమని చెప్పలేదు కదా. ఆ గొడ్డలి హక్కుకు పనిముట్టా, నేరానికి సాక్ష్యమా అన్నది ఆ రోజు ఆ మలుపులో ఎదురైన బీట్ ఆఫీసర్ చూపు మీద ఆధారపడుతుంది. నా మట్టుకు నాకు ఇది ఆయుధాల చట్టంలోని అన్ని మెలికల కన్నా పెద్ద సమస్య.

ఉట్నూర్ దాటి ఇంద్రవెల్లి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. సోమవారం అంగడి నిండుగా ఉంది. ఎండు మిరపకాయల ఘాటు, ఇప్పపువ్వు తీపి వాసన, వెదురు బుట్టలు, వెండి కడియాల బేరాలు. గోండీ, మరాఠీ, తెలుగు ఒకే వాక్యంలో కలిసిపోతున్నాయి. ఒక మూల కమ్మరి కొలిమి పెట్టాడు. చేతిలో లారీ కమాన్ పట్టీ ముక్క. ఎర్రగా కాల్చి దాగలి మీద పెట్టి కొడుతుంటే పదిహేను నిమిషాల్లో అది కొడవలి మెడ తిరిగింది. నీళ్ళ తొట్లో ముంచాడు, సుయ్యిమంది. ముందు వరసలో పది పన్నెండు కత్తులు పరిచి ఉన్నాయి, కొన్ని జానెడు దాటినవే. కొనేవాళ్ళు అంచు మీద వేలు అడ్డంగా రాసి చూసుకుని, గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంటున్నారు. ఈ అంగట్లో వాటిని ఆయుధమనేవాళ్ళెవరూ లేరు.

ఊరి దగ్గరే అమరుల స్తూపం ఉంది. 1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే, అంగడి రోజే. గిరిజన రైతు కూలీ సంఘం సభకు ఇచ్చిన అనుమతి రద్దు చేసి నిషేధాజ్ఞలు పెట్టారు. ఆ సంగతి గూడేలకు చేరలేదు. ఎప్పట్లాగే అంగడికి బయల్దేరి వచ్చినవాళ్ళూ, సభకని వచ్చినవాళ్ళూ కలిసిపోయారు. పోలీసులు కాల్చారు. ప్రభుత్వం లెక్కలో చనిపోయింది 13 మంది. హక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లని చెప్పాయి. జేబు చాకు గురించి బయల్దేరిన ప్రయాణంలో ఇదెందుకంటారా? నిషేధాజ్ఞ అనేది వినని వాడికి కూడా వర్తిస్తుంది గనక. అప్పటి 144 సెక్షన్ 2024 జులై నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది. ఒక ఉత్తర్వు రెండు నెలలకు మించి ఉండదు, రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ఆరు నెలలు సాగదీయొచ్చు. ఆదిలాబాద్‌లో కమిషనరేట్ లేదు కాబట్టి ఆ ఉత్తర్వు మెజిస్ట్రేట్ అధికారం ఉన్న రెవెన్యూ వాళ్ళ నుంచి వస్తుంది. పోలీసులు తమ వైపు నుంచి 1861 నాటి పోలీస్ చట్టం 30వ సెక్షన్ అమలు చేస్తున్నామని ప్రకటిస్తారు. సభలూ ర్యాలీలతో పాటు కత్తులు, కర్రలు, జెండా కర్రలు కూడా ఆ ప్రకటనల్లో కనిపిస్తాయి. జనం నోట అది థర్టీ యాక్ట్. ఆ సెక్షన్ మీరితే జరిమానా 200 రూపాయలు మించదు. 163 మీరితే మాత్రం న్యాయ సంహిత 223 కింద ఆరు నెలల దాకా జైలు, పరిస్థితిని బట్టి ఏడాది.

గుడిహత్నూర్ దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కి, సాయంత్రం నాలుగుకు ఆదిలాబాద్ కోర్టు ఎదుటి టీ కొట్టు దగ్గర ఆగారు. నల్లకోటు భుజాన వేసుకున్న వకీలు సాబ్ ఒకాయన మీ కథంతా విని చాకు చూపించమన్నారు. మీరు బ్యాగు అడుగు నుంచి తీశారు.

"దీని మీద ఆయుధాల కేసు నిలబడదు. కానీ నిలబడేదాకా ఎవరు చూస్తరు?" అన్నారు టీ ఊదుకుంటూ. "నా దగ్గరికి వచ్చేవాళ్ళల్ల చాకులోళ్ళు తక్కువ. గొడ్డలి పోయినోళ్ళు, కొడవలి పోయినోళ్ళే ఎక్కువ. తాగి బజార్ల తిట్టుకుంటరు, చేతిల కొడవలి ఉంటది. పంచనామా రాస్తరు. బ్లేడు ఇంత, పిడి ఇంత అని కొలిచి, ఇద్దరు పంచుల సంతకాలు. మనిషిని తహసీల్దార్ ముందట బైండోవర్ చేసి పంపుతరు. వాడు ఇంటికి పోతడు, కొడవలి పోదు."

"తెచ్చుకోలేరా?"

"ఎందుకు తెచ్చుకోలేరు? పోలీసులు కోర్టుల పెట్టిందైతే సురక్షా సంహిత 497 కింద పిటిషన్ వేయాలె. పాత 451 అన్నట్టు. అటవీ శాఖ పట్టిందైతే వాళ్ళ డివిజన్ ఆఫీసర్ కాడికి పోవాలె. రెండు మూడు రోజుల కూలి, బస్ కిరాయి, మా ఫీజు." ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించారు. "అంగట్ల కొత్తది రెండు మూడు వందలకు వస్తది. ఎవ్వడు వేస్తడు పిటిషన్? మళ్ళ సోమవారం ఇంద్రవెల్లి పోయి ఇంకోటి కొనుక్కుంటరు."